‘సమస్త పనులూ’ అని రాయకండి

(రిజిస్ట్రేషన్ శాఖలో సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత్రి పాఠకుల సందేహాలకు జవాబులిస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పవర్ ఆఫ్ అటార్నీల గురించే, అంటే మన తరఫున పని చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రాల గురించే.)

మేడమ్ గారూ, మా అబ్బాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటాడు. వాడి పేరు మీద ఒంగోలులో 200 గజాల ఖాళీ స్థలం ఉంది. అమ్మేయమంటున్నాడు. వాడు రాలేడు కాబట్టి నా పేర జి.పి.ఎ. (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపిస్తానన్నాడు. ఇక్కడ దస్తావేజులు రాసే ఆయన తొమ్మిది పేజీల డ్రాఫ్టు ఇచ్చారు, జిరాక్సు జతచేశాను. నోటరీ చాలని ఒకరు, కాన్సులేట్ ముద్ర ఉండాలని ఒకరు, అపోస్టిల్ అని ఇంకొకరు చెబుతున్నారు. స్టాంపు పేపరు ఇక్కడ కొని పంపాలా? స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?
— ఒక తండ్రి, ఒంగోలు

డ్రాఫ్టు మొత్తం చదివాను. అయిదో పేజీకి వచ్చేసరికి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి అమ్మాలనుకున్నది ఒక్క స్థలం. ఈ కాగితం ప్రకారం మీరు అతని పేర అప్పు తేవచ్చు, అతని ఆస్తులన్నీ తనఖా పెట్టవచ్చు, దానం చేయవచ్చు, కోర్టులో రాజీ పడవచ్చు. చివర ‘నేను స్వయముగా హాజరై చేయదగిన సమస్త పనులూ’ అని ముక్తాయింపు ఒకటి. ఇంతా చేసి, అమ్మాల్సిన స్థలం సర్వే నంబరు ఎక్కడా లేదు. హద్దులు లేవు. సొమ్ము ఎవరు తీసుకోవాలో లేదు.

తండ్రీకొడుకుల మధ్య అనుమానాలేమిటి అంటారేమో. నేను అనుమానం గురించి చెప్పడం లేదు. పవర్ ఆఫ్ అటార్నీని కోర్టులు బిగించి చదువుతాయి. అందులో రాసిన అధికారమే ఉన్నట్టు, రాయనిది లేనట్టు. అద్దెకిచ్చే పవర్ ఉన్నంత మాత్రాన అమ్మే పవర్ రాదు. చివర్లో ‘సమస్త పనులూ’ అని ఎంత గట్టిగా రాసినా, పైన రాసిన పనులకు అవసరమైన మేరకే ఆ మాటకు విలువ. కాబట్టి ఆ వాక్యం మీకు కావలసిన పని చేసిపెట్టదు, అక్కర్లేని అనుమానాలు మాత్రం కొనేవాడి లాయరుకు తెప్పిస్తుంది. పేజీకింత అని లెక్క ఉన్న చోట పేజీలు పెరుగుతాయి లెండి.

మీకు కావలసింది స్పెషల్ పవర్. ఒక ఆస్తికి, ఒక పనికి. మీ అబ్బాయి వివరాలు (పూర్తి పేరు, తండ్రి పేరు, వయస్సు, పాస్‌పోర్టు నంబరు, అక్కడి చిరునామా, ఇక్కడి శాశ్వత చిరునామా), మీ వివరాలు రాశాక అసలు భాగం ఇంతే:

“ఈ దిగువ షెడ్యూలులోని ఖాళీ స్థలం నా సొంతం. ఉద్యోగరీత్యా నేను విదేశంలో ఉన్నందున, ఆ స్థలాన్ని అమ్మడానికి బేరం కుదుర్చుకోవడానికి, అడ్వాన్సు తీసుకుని అగ్రిమెంటు రాయడానికి, అమ్మకం దస్తావేజుపై నా తరఫున సంతకం చేసి సబ్ రిజిస్ట్రారు వారి ముందు దాఖలు చేయడానికి, రాసిచ్చినట్టు ఒప్పుకుని రిజిస్టరు చేయించడానికి, స్థలం స్వాధీనం చేయడానికి మా తండ్రిగారైన మీకు అధికారం ఇస్తున్నాను. అడ్వాన్సుతో సహా సొమ్మంతా నా పేరున ఉన్న ఎన్.ఆర్.ఓ. ఖాతాకు జమ కావాలి. తనఖా పెట్టడానికి గానీ, దానమివ్వడానికి గానీ, ఈ అధికారాన్ని మరొకరికి బదలాయించడానికి గానీ దీనిలో అనుమతి లేదు. ఈ పత్రం ఫలానా తేదీ వరకు అమల్లో ఉంటుంది.”

ఎన్.ఆర్.ఓ. అంటే విదేశంలో ఉండేవారికి ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయి ఖాతా. కింద షెడ్యూలు: జిల్లా, మండలం, గ్రామం లేదా వార్డు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా చెక్కుబందీ (హద్దులు). మీ అబ్బాయి కొన్న దస్తావేజులో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే దించండి. దస్తావేజులో తూర్పున బజారు అని ఉంటే, ఇప్పుడది సిమెంటు రోడ్డయినా సరే, బజారనే రాయండి. నంబరూ తేదీతో సహా ఆ పాత దస్తావేజును కూడా ప్రస్తావించండి.

ఇంకొకటి. ‘ఇన్ని లక్షలకు తక్కువ కాకుండా’ అని కనీస ధర ఈ పత్రంలో రాయమని చాలామంది సలహా ఇస్తారు. రాయకండి. కొనేవాడు మొదట అడిగేది ఈ పత్రాన్నే. మీ కనీస ధర వాడి చేతిలో పెట్టి బేరం మొదలుపెట్టినట్టు అవుతుంది. ఆ అంకె మీ అబ్బాయి మీకు విడిగా ఈ-మెయిల్‌లో రాసి పంపిస్తే చాలు.

ఇక ముద్రల గొడవ. విదేశంలో ఉన్నవారు ఇచ్చే పవర్‌ను అక్కడి నోటరీ ముందు గానీ, కోర్టు లేదా మేజిస్ట్రేటు ముందు గానీ, భారత కాన్సులేట్ అధికారి ముందు గానీ చేయించవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీకు చెప్పిన ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఒక దారి, టెక్సస్‌కు సంబంధించిన హ్యూస్టన్ భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించడం. రెండో దారి, డాలస్‌లోనే నోటరీ ముందు సంతకం పెట్టి, ఆ నోటరీ ముద్ర నిజమైనదేనని టెక్సస్ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ నుంచి అపోస్టిల్ వేయించడం. ఒక దేశం వేసిన అపోస్టిల్ ధ్రువీకరణను మిగతా దేశాలు ఒప్పుకునే ఒప్పందంలో అమెరికా ముందే ఉంది, మన దేశం 2005లో చేరింది. నన్నడిగితే కాన్సులేట్ దారే మేలంటాను. కాస్త ఆలస్యమైనా, ఆ ముద్రను చూసి మన కార్యాలయాల్లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఏదైనా సరే, ముందు స్థలం ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉందో అక్కడికి డ్రాఫ్టు పట్టుకెళ్లి ఒకసారి చూపించి రండి. సంతకాలయ్యాక మార్పు అంటే మళ్లీ మొదటికి.

ప్రతి పేజీలో అతని సంతకం, మీ ఇద్దరి పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు, సంతకాలు ఉండాలి. వాట్సాప్ స్కాను డ్రాఫ్టు సరిచూసుకోవడానికే. అసలు కాగితం కొరియర్‌లో రావాల్సిందే.

స్టాంపు పేపరు పంపకండి. అక్కడ మంచి తెల్ల కాగితం మీద ప్రింటు తీస్తే చాలు. విదేశంలో రాసిన పత్రానికి, అది ఇండియాకు చేరిన నాటి నుంచి 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. స్టాంపు చట్టం 18వ సెక్షన్ అదే. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ‘ఫారిన్ పవర్ వ్యాలిడేషన్’ అంటే వాళ్లకు తెలుస్తుంది. గడువు సంతకం చేసిన రోజు నుంచి కాదు, ఇక్కడికి చేరిన రోజు నుంచి. ఏ రోజు చేరిందో చూపించడానికి కొరియర్ కవరు పారేయకుండా దాచండి. ఆ కవరు చించి చెత్తబుట్టలో వేసి వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. కొడుకు తండ్రికి ఇచ్చే పవర్ కాబట్టి సుంకం తక్కువే ఉంటుంది. బయటివారికి ఇస్తే స్థలం విలువను బట్టి ఎక్కువ.

అమ్మే రోజున మీ అబ్బాయి సంతకాన్ని మీరు దించకూడదు. మీ సంతకం మీరు పెట్టి, కింద ‘ఫలానా వారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఏజెంటు’ అని రాయాలి. ఇచ్చినవారు జీవించి ఉన్నారనీ, పవర్ రద్దు కాలేదనీ డిక్లరేషన్ అడుగుతారు. పాన్ మీ అబ్బాయిదే ఇవ్వాలి. అతను ఎన్.ఆర్.ఐ. కాబట్టి, ఇక్కడుండేవారు అమ్మినప్పుడు కోసే 1 శాతం టీడీఎస్ (కొనేవాడు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) లెక్క అతనికి వర్తించదు, చాలా ఎక్కువ కోస్తారు. ఇది కొనేవాడికి బేరం రోజే చెప్పండి. రిజిస్ట్రేషన్ రోజు బయటపడితే గొడవైపోతుంది.

మా అమ్మకు 78 ఏళ్లు. నాన్నగారు రైల్వేలో చేసి పోయారు, అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట తడబడుతుంది గానీ అన్నీ తెలుసు, లెక్కలు కూడా చెబుతుంది. బ్యాంకులో పెన్షనరే రావాలంటున్నారు. తెల్ల కాగితం మీద అమ్మ వేలిముద్ర వేయించి, డబ్బు తీసుకునే అధికారం నాకిచ్చినట్టు రాసుకెళ్తే తీసుకోలేదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది.
— ఒక కూతురు, గుంతకల్లు

తల్లీ, ఆ కాగితం తీసుకోకపోవడంలో బ్యాంకువాళ్ల తప్పు లేదు. ఇంట్లో ఎవరూ చూడకుండా వేసిన వేలిముద్ర ఎవరిదో వాళ్లకెలా తెలుస్తుంది? కానీ మనిషే రావాలనడం మాత్రం తప్పు. మంచం పట్టిన ఖాతాదారుల విషయంలో బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూచనలు స్పష్టంగా ఉన్నాయి. సంతకం చేయలేని మనిషి వేలిముద్ర వేయవచ్చు, చేతి వేలు కుదరకపోతే కాలి వేలి ముద్ర అయినా సరే. ఇద్దరు సాక్షులు ఉండాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. అదీ కుదరని స్థితిలో ఉంటే విత్‌డ్రాయల్ ఫారం మీద ఏదో ఒక గుర్తు పెట్టించవచ్చు, దానికీ అలాగే ఇద్దరు సాక్షులు. డబ్బు తీసుకెళ్లే మనిషి ఎవరో ఖాతాదారు చెప్పాలి, ఆ మనిషినీ ఇద్దరు గుర్తించాలి, ఆ మనిషి సంతకం బ్యాంకులో ఇవ్వాలి.

మీ అమ్మగారికి కుడి చెయ్యి పోయిందని బెంగపడకండి, ఎడమ బొటనవేలి ముద్ర వేయించవచ్చు. 70 ఏళ్లు దాటినవారికి, కదలలేనివారికి ఇంటి దగ్గరే సేవలివ్వాలని 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. కాబట్టి మేనేజరుకు ఒక ఉత్తరం రాయండి. నోటిమాటగా కాదు, కాగితం మీద. “మా అమ్మగారు ఫలానా ఖాతా నంబరు గల పెన్షనరు. పక్షవాతం వల్ల కదలలేరు. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. దయచేసి మీ అధికారిని ఇంటికి పంపి ఆమె వేలిముద్ర తీసుకుని, డబ్బు తీసుకోవడానికి నన్ను గుర్తించవలసిందిగా కోరుతున్నాను.” రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర పడిన కాగితం చేతిలో ఉంటే ఎదుటివారి గొంతు మారుతుంది, ఇది నా అనుభవం.

లైఫ్ సర్టిఫికెట్ కోసం కూడా ఆమెను మోసుకెళ్లకండి. నవంబరులో ఫోన్‌లోనే జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి చేయవచ్చు. 80 ఏళ్లు నిండాక అక్టోబరు నుంచే చేయవచ్చు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. అమ్మగారికి అన్నీ తెలుస్తున్నాయి అన్నారు కదా, ఆవిడ పేర ఇల్లో పొలమో ఉంటే, వాటి పన్నులూ అద్దెలూ చూడటానికి పవర్ ఇప్పుడే రాయించుకోండి. ఆఫీసుకు రాలేని మనిషి కోసం సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తారు, మా శాఖలో దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. డాక్టరు సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టి దాని ఫీజు కట్టాలి. ఆయన వచ్చి ఆవిణ్ణే అడుగుతారు, మిమ్మల్ని కాదు. తలూపడమైనా సరే, అర్థమై ఊపుతున్నట్టు ఆయనకు నమ్మకం కలగాలి.

ఎందుకు తొందరపెడుతున్నానంటే, మన దేశంలో పవర్ ఇచ్చిన మనిషికి మతి పోతే ఆ పవర్ కూడా పోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. మనిషి పోయినా అంతే. సరిగ్గా అవసరమైన రోజునే అది పనిచేయకుండా పోతుందన్నమాట. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా నిలిచే పవర్‌లు ఉన్నాయి, మనకు లేవు. అప్పుడిక గార్డియన్‌గా నియమించమని కోర్టుకు వెళ్లడమే. కోమాలో ఉన్నవారి విషయంలో అలా నియమించడానికి 2019లో కేరళ హైకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దారి ఉంది గానీ, పొడుగాటిది, ఖర్చుతో కూడింది.

నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, సెలవు దొరకదు. వైజాగ్‌లో యూనివర్సిటీ నుంచి నా ఒరిజినల్ డిగ్రీ మా తమ్ముడు తీసుకోవాలి. లాయరు దగ్గర నోటరీ చేయించాలా?
— పాఠకురాలు, బెంగళూరు

అక్కర్లేదమ్మా, స్టాంపు పేపరు కూడా వద్దు. వాళ్ల సొంత ఫారం ఏదైనా ఉందేమో కనుక్కోండి. లేకపోతే తెల్ల కాగితం మీద మీ చేత్తో రాయండి: “నా పేరు ఫలానా, హాల్ టికెట్ నంబరు ఫలానా. నా ఒరిజినల్ డిగ్రీని నా తరఫున తీసుకోవడానికి మాత్రమే నా తమ్ముడు ఫలానాకు అధికారం ఇస్తున్నాను. అతని సంతకం కింద ధ్రువీకరిస్తున్నాను.” కింద అతని సంతకం, దాని కింద మీ సంతకం, తేదీ. యూనివర్సిటీ రికార్డుల్లో ఉన్న సంతకమే పెట్టండి. ఉద్యోగం వచ్చాక కొత్త స్టైలు సంతకం మొదలుపెట్టి ఉంటే ఇక్కడ పనికిరాదు. ఇద్దరి గుర్తింపు కార్డుల జిరాక్సులు జతచేసి, మీ ఆధార్ జిరాక్సు మీద అడ్డంగా ‘డిగ్రీ తీసుకోవడానికి మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. అతను తన ఒరిజినల్ కార్డు పట్టుకెళ్లాలి.

2016లో మా బావగారికి హన్మకొండలోని మా ఇంటి స్థలం మీద రిజిస్టర్డ్ జి.పి.ఎ. ఇచ్చాను. ఆయన దగ్గర డబ్బేమీ తీసుకోలేదు. ఇప్పుడు మాటల్లేవు, ఫోన్ ఎత్తడు, కాగితం తిరిగి ఇవ్వడు. కాగితం ఆయన దగ్గరుంటే నేను రద్దు చేయలేనా? ‘నీ పవర్ క్యాన్సిల్’ అని మెసేజ్ పెట్టాను, సరిపోతుందా?
— పాఠకుడు, కాజీపేట

ముందు మెసేజ్ సంగతి పక్కనపెట్టి ఈ రోజే ఇ.సి. (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీయండి. ఆయన ఇప్పటికే ఎవరికైనా అమ్మేశారేమో చూడండి. రద్దు చేసేలోపు పవర్ ప్రకారం ఆయన చేసినవి మిమ్మల్ని కట్టేస్తాయి, వాటిని వెనక్కి తిప్పడం వేరే కథ.

ఇ.సి. శుభ్రంగా ఉంటే, జి.పి.ఎ. ఎక్కడ రిజిస్టరు చేశారో ఆ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే రద్దు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించండి. పాత జి.పి.ఎ. నంబరు, సంవత్సరం, తేదీ అందులో ఉండాలి. ఒరిజినల్ ఆయన దగ్గరుందని రద్దు ఆగదు, మీరు సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. ఆ వెంటనే రద్దు కాపీతో బావగారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం రద్దు సంగతి ఏజెంటుకు తెలిసినప్పుడే ఆయన మీద పనిచేస్తుంది, బయటివారికి తెలిసినప్పుడే వారి మీద పనిచేస్తుంది. అందుకే పత్రికలో ప్రకటన వేస్తారు, అదేదో ఆర్భాటం కోసం కాదు. మీ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఆయనకు తెలుసని చూపించడానికి పనికొస్తుంది. స్థలం అడుగుతున్న వాళ్లెవరైనా మీకు తెలిస్తే వాళ్లకూ రాతపూర్వకంగా చెప్పండి.

డబ్బు తీసుకోలేదని రాశారు, మంచిదే. తీసుకుని ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. ఏజెంటుకే ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే పవర్‌ను ఏకపక్షంగా రద్దు చేయడం కుదరదు, 202వ సెక్షన్. ప్లాట్లకు రాసుకునే ఏజీపీఏలు, అంటే అమ్మకం అగ్రిమెంటూ జి.పి.ఎ. కలిపి రాసేవి, చాలావరకు ఈ తగాదాలోనే పడతాయి. వాటిని పట్టుకుని ‘స్థలం కొన్నాం’ అని నిశ్చింతగా కూర్చున్నవారికి ఒక మాట: జి.పి.ఎ.తో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. ఇంటివాళ్లకు పని చూసిపెట్టమని ఇచ్చే మామూలు పవర్‌లకు అడ్డు లేదని కూడా అదే తీర్పులో ఉంది. అమ్మినాయన బతికుండగానే అమ్మకం దస్తావేజు చేయించుకోండి, ఆ తర్వాతయితే ఆయన వారసులందరి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంట్లో 2019లో కొన్న 100 రూపాయల స్టాంపు పేపరు ఉంది. ఆరు నెలలు దాటితే చెల్లదంటారు కదా?
— పాఠకుడు, తణుకు

వాడని స్టాంపు పేపరు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవడానికి పెట్టిన గడువు ఆ ఆరు నెలలు. రాసుకోవడానికి గడువు లేదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. అయితే పేపరు ఎవరి పేర కొన్నారో చూసుకోండి, పత్రంలో పక్షంగా ఉన్నవారి పేరు కావాలి. దాని మీద పాత తేదీ మాత్రం వేయకండి.

మా ఆయన దుబాయ్‌లో ఉంటడు. పోయేముందు ఒకాయనకు చేబదులు ఇచ్చిండు, ప్రోనోటు ఉంది. ఆయన కట్టనంటున్నడు. నాకు పవర్ పంపిస్తే నేను కేసు వేసి, కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చా మేడమ్?
— ఒక గృహిణి, కోరుట్ల

కేసు వేయవచ్చు, వకీలును పెట్టుకోవచ్చు, కాగితాల మీద సంతకాలు చేయవచ్చు. కానీ డబ్బు ఇచ్చింది ఆయన. ఎక్కడ ఇచ్చాడు, ఎవరి ముందు ఇచ్చాడు, ఏమనుకున్నారు అన్నది ఆయనకు తెలిసిన సంగతి. పవర్ ఉన్న మనిషి తనకు స్వయంగా తెలిసినవే చెప్పగలడు గానీ, ఇచ్చినవారికి మాత్రమే తెలిసిన సంగతులకు వారి బదులు సాక్ష్యం చెప్పలేడని సుప్రీంకోర్టు 2004లో జానకీ వాశ్‌దేవ్ భోజ్వానీ కేసులో చెప్పింది. డబ్బిచ్చిన రోజు మీరూ అక్కడ ఉంటే, మీ కళ్లతో చూసినంత వరకు మీరు చెప్పండి. మీ ఆయన సాక్ష్యం వీడియో కాన్ఫరెన్స్‌లో తీసుకోమని కోర్టును అడగవచ్చు, లేదా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు వాయిదా పడేలా మీ వకీలును చూడమనండి. పవర్‌ను దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో చేయించమనండి. అన్నిటికన్నా ముందు ప్రోనోటు తేదీ చూడండి. మామూలుగా 3 ఏళ్లలోపు కేసు వేయాలి, గడువు దగ్గరపడితే పవర్ కొరియర్‌లో వచ్చేదాకా ఆగకుండా రేపే వకీలును కలవండి.